కూర్చుంటే కనబడే ఇల్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

కమిటీవాళ్లు నెల కిందట ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి, హైటెక్ సిటీ దిక్కు ఉంటావు, ఇల్లు అందంగా అమర్చుకోవడం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు, ఆడవాళ్లు కూడా వింటారు" అన్నారు. ఆ చివరి మాట మా ఆవిడ ముందు అనకపోవడం వాళ్ల అదృష్టం. నేను సివిల్ ఇంజనీరును. పిల్లర్లు, స్లాబులు నా పని. రంగులు, కర్టెన్లు, సీలింగు నా సబ్జెక్టు కాదని చెప్పాను. "పర్వాలేదు, నీ ఇంట్లో ఏం చేశావో అదే చెప్పు" అన్నారు. నా ఇంట్లో నేను చేసింది ముందు ఒక తప్పు, తర్వాత దాని దిద్దుబాటు. అదే చెబుతాను.

దానికన్నా ముందు మన డ్రాయింగ్ సారు సంగతి. సారు ముందు వరుసలోనే కూర్చున్నారు, నేను ఏమైనా తప్పు చెబితే లేచి దిద్దుతారు. మా బ్యాచివాళ్లకు గుర్తుండాలి. ఏడో తరగతి దాకా మనం బండల మీద కూర్చున్నాం. ఎనిమిదిలోకి వచ్చాక బెంచీలు వచ్చాయి. బెంచీలు వచ్చిన వారం సారు మాకు ఒక పని పెట్టారు. బెంచీ మీద కూర్చొని బోర్డు, కిటికీ, తలుపు బొమ్మ గీయాలి. తర్వాత దిగి బండల మీద కూర్చొని అదే గది మళ్లీ గీయాలి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఒకటే గది రెండు గదుల్లా ఉంది. "కాగితం మీద ముందు కంటి గీత గీయండిరా, గది అంతా ఆ గీతను బట్టే ఉంటది" అనేవారు సారు. తర్వాత ఇంజనీరింగులో దాన్ని హొరైజన్ లైన్ అన్నారు. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి, మరిచిపోయాను.

1998 నవంబరులో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో నేను ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ ఇంజనీరును. మాదాపూర్ అంటే అప్పుడు గుట్టలు, పెద్ద పెద్ద గుండ్లు, మధ్యలో ఆ పది అంతస్తుల గుండ్రటి భవనం, అవతల శిల్పారామం. ఈ ఇరవై ఏడేళ్లలో కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట దాకా ఎన్ని స్లాబులు పోయించానో లెక్క పెట్టలేదు. కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో ఒక ప్లాటు ఎకరా వంద కోట్లు దాటింది, పేపర్లో చూసే ఉంటారు. అంత ఖరీదైన నేల మీద కట్టిన ఇళ్లలో నేల మీద కూర్చునే చోటు ఎంత ఉందని అప్పటికి నేనెప్పుడూ చూసుకోలేదు. అది మా అమ్మ వల్ల తెలిసింది.

2021లో నార్సింగి దిక్కు పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాం. మూడు పడకగదులు. ఇంటీరియర్స్ పని ఒకరికి అప్పజెప్పాం. పేరు చెప్పను. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పని శుభ్రంగా చేశారు, చెప్పిన తేదీకి ఇచ్చారు కూడా. కంప్యూటర్లో ఇల్లంతా ముందే బొమ్మ గీసి చూపించారు. తెల్లగా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగు, అందులో వరసగా చిన్న చిన్న లైట్లు, టీవీ వెనక పాలరాయి లాంటి షీటు, హాలు మధ్యలో ఎల్ ఆకారపు సోఫా. మేం చూసి మురిసిపోయాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు కూడా హోటల్లా ఉందన్నారు. అది మెచ్చుకోలేనని అప్పుడు అనుకున్నాను.

నాన్న 2019లో పోయారు. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఇల్లు పాతబడి వెనక అర్ర కూలింది. ఒప్పించి తీసుకొచ్చాం. మాది చేనేత ఇల్లని మీలో చాలామందికి తెలుసు. నాన్నది గుంట మగ్గం. మనిషి నేల మీద కూర్చొని కాళ్లు గుంటలోకి వేసి నేస్తాడు. పడుగు మీద వెలుగు పడాలి కాబట్టి మా మగ్గం అర్రకు కిటికీ నేల నుంచి జానెడు ఎత్తులోనే ఉండేది. అమ్మ ఆ కిటికీ పక్కన కూర్చొని కండెలు చుట్టేది. బజారులో ఎవరు పోతున్నారో వాళ్ల కాళ్లు చూసి చెప్పేది. గోడకు గూళ్లు, చిలుకకొయ్యలు, దూలానికి ఉట్టి. గూళ్లన్నీ ఆమె చేతికి కూర్చున్నచోటే అందేవి.

ఫ్లాటులోకి వచ్చాక అమ్మ సోఫాలో కూర్చునేది కాదు. అయిదు నిమిషాలు కూర్చొని లేచేది. రోజంతా ఎక్కడుందని చూస్తే వంటింటి వెనక యుటిలిటీలో ఉండేది. అంటే వాషింగ్ మెషిన్ పెట్టుకునే, గిన్నెలు తోముకునే నాలుగడుగుల జాగా. చిన్న పీట వేసుకొని అక్కడే చిక్కుడుకాయలు ఒలిచేది, అక్కడే చాయ్ తాగేది. మా ఆవిడ "అత్తమ్మా, హాల్లో కూర్చోండి" అంటే, "ఈడనే మంచిగున్నది బిడ్డా" అనేది. మేం ముసలివాళ్ల అలవాటు అనుకున్నాం. ఇల్లు మొత్తంలో గరుకు టైలు వేసింది ఆ ఒక్క చోటే. ఆమె పాదం ఆ సంగతి తెలుసుకుంది. ముప్పై ఏళ్ల సర్వీసున్న నేను తెలుసుకోలేదు.

వచ్చిన నలభయ్యో రోజో ఏమో, తెల్లవారుజామున నీళ్లకోసం లేచి హాల్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఆరు వారాలు మంచంలో ఉంది.

టైలు గురించి ఒక్క మాట, ఇది నా సబ్జెక్టే. విట్రిఫైడ్ టైలు నీళ్లు పీల్చదు. అర శాతం కన్నా తక్కువ పీలుస్తుంది, అందుకే మరక పట్టదు, అందుకే అందరూ కొంటారు. పీల్చని నీరు పైన పొరలా నిలబడుతుంది. పైన మెరుగు పెట్టి ఉంటే పాదం పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తాండూరు బండ, షాబాదు బండ అలా కాదు. పొరలు పొరలుగా చీలే రాయి, పాలిషు పెట్టకపోతే పైన సహజంగా గరుకు ఉంటుంది. మన బడి వరండాలో వానాకాలం పరుగెత్తి ఎన్నిసార్లు పడ్డామో గుర్తు చేసుకోండి. పడ్డాం, కానీ అది బండ తప్పు కాదు.

మంచంలో ఉన్న ఆరు వారాల్లో అమ్మ నాకు ఇంటీరియర్ డిజైన్ నేర్పింది. మొదటి పాఠం పడుకుని చెప్పింది. ఒక రాత్రి, "నెత్తి మీద చుక్కలు వెట్టినవ్ కొడుకా, కండ్లల్ల పొడుస్తున్నయ్" అంది. నేను ఆమె పక్కన పడుకుని పైకి చూశాను. నిజమే. నిలబడి చూసేవాడికి సీలింగు లైటు వెలుతురు ఇస్తుంది. పడుకున్నవాళ్లకు అది సూటిగా కంట్లో పడుతుంది. పైగా మేం వేయించినవి 6500 కెల్విన్ తెల్ల లైట్లు, ఆసుపత్రిలో వేసేవి. బొమ్మలో అందంగా కనిపించాయి, ఎందుకంటే ఆ బొమ్మ గీసిన కంప్యూటరు కన్ను గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఏ ఇంటీరియర్ బొమ్మ అయినా చూడండి, నిలబడ్డ మనిషి కన్నుతోనో, సోఫాలో కూర్చున్న మనిషి కన్నుతోనో గీసిందే ఉంటుంది. నేల మీద కూర్చున్న మనిషి, మంచం మీద పడుకున్న మనిషి ఆ బొమ్మల్లో ఉండరు.

రెండో పాఠం ఆమె వాకర్ పట్టుకుని లేచాక. "ఆ సోఫా ఎనక కూసుంటే నాకు ఏం కనవడ్తదిరా? మీ ఈపులు కనవడ్తయ్" అంది. అప్పుడు గుర్తొచ్చారు మన డ్రాయింగ్ సారు. టేపు తీసుకొని కొలిచాను. ఊళ్లో ఉండగా ఆమె నేల మీద కూర్చుంటే కన్ను నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో ఉండేది. నేను అదే ఎత్తులో తల పెట్టి హాలు అంతా చుట్టి వచ్చాను. నన్ను చూసి మా అబ్బాయి వీడియో తీశాడు, అది వేరే సంగతి. ఆ ఎత్తులో కనబడినవి ఇవి: సోఫా వీపు, టీపాయి కింది చెక్క, టీవీ కింది సొరుగులు, వంటింటి ప్లాట్‌ఫామ్ కింది తలుపులు. కిటికీ అడుగు మూడడుగుల ఎత్తు, కాబట్టి ఆకాశం తప్ప ఏమీ లేదు. లక్షలు పోసి పెట్టిన అందమంతా ఆ గీతకు పైనే ఉంది.

దిద్దుబాటు ఎలా చేశామో చెబుతాను. ఇక్కడ కాస్త ఇంజనీరింగు ఉంటుంది, ఓపిక పట్టండి.

నేను చదివిన పుస్తకాల్లో క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన బృందం 1977లో వేసిన 'ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్' ఒకటి. అందులో కిటికీ అడుగు నేలకు 12 నుంచి 14 అంగుళాల ఎత్తులో ఉండాలంటారు, కూర్చున్న మనిషికి బయటి నేల కనబడాలని. చదివినప్పుడు మా మగ్గం అర్ర కిటికీ కళ్లముందు మెదిలింది. కానీ పద్నాలుగో అంతస్తులో కిటికీ కిందికి దించడం కుదరదు. పిల్లలు ఉంటారు, నిబంధనలు ఉంటాయి. పైగా ఈ కొత్త టవర్లలో చాలావాటిని మివాన్ పద్ధతిలో కడుతున్నాం. అల్యూమినియం అచ్చులు నిలబెట్టి గోడ, స్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తాం. లోపలి గోడ కూడా ఇనుప చువ్వలున్న కాంక్రీటే, భవనం బరువు మోసేదే. మా బ్లాకులోనే ఒకాయన వంటింటిని హాలులో కలుపుదామని గోడకు కటింగ్ మెషిన్ పెట్టించాడు. చప్పుడు విని పరుగెత్తుకెళ్లి ఆపాను. ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు. ఇటుక గోడ ఉన్న పాత అపార్టుమెంటులో చేసినట్టు ఇక్కడ గోడలు కొట్టించకండి, గూడు కూడా తొలిపించకండి. ఏం చేయాలన్నా ముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి. అది మీ హక్కు.

కిటికీ దిగదు కాబట్టి మనిషిని పైకి లేపాలి. అదీగాక ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని హాల్లో, బాల్కనీ అద్దం తలుపు పక్కన, గోడ వెంబడి ఒక అరుగు కట్టించాను. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు. కాళ్లు కిందికి వేసుకొని కూర్చోవచ్చు, మధ్యాహ్నం నడుం వాల్చవచ్చు. మేస్త్రీ ఇటుకతో కడతానన్నాడు. వద్దన్నాను. ఇళ్ల గదుల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల బరువు వేస్తామన్న లెక్కతో డిజైన్ చేస్తాం. 18 అంగుళాల ఎత్తున ఇటుకలు నింపితే దాదాపు 850 కిలోలు అవుతుంది. బాల్కనీలో అడుగు లోతు మట్టి పోసి తోట వేసేవాళ్లు కూడా ఈ లెక్క చూసుకోవాలి, తడిసిన మట్టి తేలికేం కాదు. మేం ఇనుప పైపుల చట్రం చేయించి, పైన 20 మిల్లీమీటర్ల తాండూరు బండ పరిచాం. బండ బరువు చదరపు మీటరుకు 50 కిలోల పైచిలుకు, అంతే. అరుగును బాల్కనీ రెయిలింగుకు ఆనించలేదు. ఆనిస్తే రెయిలింగు ఎత్తు ఆ మేరకు తగ్గినట్టే, పక్క ఫ్లాటు పిల్లలు వచ్చి ఎక్కుతారు.

అరుగు మీద కూర్చుంటే అమ్మ కన్ను 45 అంగుళాల ఎత్తుకు వచ్చింది. సోఫాలో కూర్చునేవాళ్ల కన్ను కూడా అటూఇటూగా అంతే. ఇది నేను లెక్కేసి చేసింది కాదు, తర్వాత తెలిసింది. సోఫాను అరుగు వైపు తిప్పాం. టీవీ పక్కకు పోయింది. మా అబ్బాయి రెండు రోజులు అలిగాడు.

ఆమె గది నుంచి బాత్రూము దాకా, బాత్రూము నుంచి అరుగు దాకా ఉన్న దారిలో టైల్స్ తీసేసి గరుకు టైల్స్ వేయించాం. పన్నెండు రోజులు ఇల్లంతా దుమ్ము. కింది ఫ్లాటువాళ్లకు మిఠాయి ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నాం. వరంగల్ దర్రీ ఒకటి ముచ్చటపడి తెచ్చి పరిస్తే అంచు ఆమె వాకరుకు తట్టుకుంది. అది ఇప్పుడు అరుగు మీద ఉంది, దాని అసలు చోటు అదే. రాత్రి దీపాలు గోడకు అడుగు ఎత్తులో పెట్టాం, మనిషి కదిలితే వెలుగుతాయి. సీలింగు లైట్లలో సగం తీసేశాం, మిగతావి 2700 కెల్విన్ పసుపు లైట్లు చేశాం. గోడకు గూడు తొలిచే వీల్లేదు కాబట్టి అయిదంగుళాల లోతు చెక్క పెట్టె ఒకటి అరుగు పక్క గోడకు బిగించి లోపల జాజు రంగు వేయించాం. అందులో అమ్మ కళ్లజోడు, మందులు, దువ్వెన, నాన్న నాడె.

నాడె గురించి చెప్పాలి. ఇంటీరియర్స్ అమ్మాయి దాన్ని చూసి చాలా ఇష్టపడింది. గాజు ఫ్రేములో పెట్టి పైన లైటు వేసి హాల్లో పెడదాం సార్ అంది. అమ్మ విని ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే అది ఆ చెక్క గూట్లో ఉంది. అప్పుడప్పుడూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటుంది. గాజు పెట్టెలో ఉంటే అది కుదరదు.

ఇంతకన్నా పెద్ద గొడవ ఊరి దర్వాజతో వచ్చింది. ఇల్లు విప్పినప్పుడు టేకు దర్వాజను గల్మతో సహా తెచ్చుకున్నాం. అయిదున్నర అడుగుల ఎత్తు. లిఫ్టులో పట్టలేదు, మెట్ల మీదుగా పద్నాలుగు అంతస్తులు నలుగురు మోశారు. పాత తలుపు మీద గాజు పలక వేసి టీపాయి చేయడం ఇప్పుడు బాగా నడుస్తోంది, మీలో కొందరి ఇళ్లల్లో ఉండే ఉంటుంది. మేమూ అదే అనుకున్నాం. అమ్మకు తెలిసింది. "పసుపు రాసి బొట్టు వెట్టిన గల్మ అది. దాని మీద చాయ్ కప్పులు వెడ్తరా? రేపు ఎవడో వచ్చి కాళ్లు జాపుతడు" అంది. నాకు కోపం వచ్చింది. అంత డబ్బు పెట్టి మోయించాను, ఏదో ఒకటి చేయాలి కదా అని గట్టిగానే అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ దర్వాజ ఏడాదిన్నర గోడకు ఆనించి అలాగే ఉంది. చివరికి పూజ మూలకు చట్రంగా నిలబెట్టాం, గల్మ నేల మీదే ఉంది. శుక్రవారం పసుపు రాస్తారు. అందంగా కుదిరిందా అంటే, పక్కన ఉన్న తెల్ల అల్మారాకు దానికి పొంతన లేదు. ఉండనీ.

ఇక గోడ మీద బొమ్మలు. శిల్పారామంలోనో, గోల్కొండ ఎంపోరియంలోనో కొనుక్కునేవాళ్లకు ఒక మాట. మన దగ్గరే చేర్యాల ఉంది, పెంబర్తి ఉంది. పెంబర్తి ఇత్తడి రేకు పని చేసేవాళ్లు లక్క మీద రేకు పరచి నేల మీద కూర్చొని ఉలితో కొడతారు. చేర్యాల పటం అంటే గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి, ఎరుపు నేల మీద వేసే బొమ్మ. అది అసలు గోడకు తగిలించే వస్తువు కాదు. కథ చెప్పేవాళ్లు రాత్రిపూట నిలబెట్టి, ఒక్కొక్క వరస విప్పుతూ చూపిస్తే జనం కింద కూర్చొని వినేవాళ్లు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథ, ఒక్కొక్క కథకుల బృందం. మా పద్మశాలీలకు కూనపులివాళ్లు వచ్చి మార్కండేయుడి కథ చెప్పేవాళ్లు.

ఆ సంగతి నాకు తెలియదు. ఫ్లాటుకోసం మార్కండేయ పటం చిన్నది ఒకటి కొని, అందరూ చేసినట్టే నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో తగిలించాను. దిద్దుబాటు రోజుల్లో దాన్ని రెండడుగులు కిందికి దించాం, అరుగుకు ఎదురుగా. ఆ సాయంత్రం అమ్మ మొదటిసారి దాన్ని సరిగ్గా చూసింది. "గీడ యముడు వచ్చిండు... గీడ లింగాన్ని పట్టుకున్నడు..." అని వేలితో చూపిస్తూ కథ మొదలుపెట్టింది. చిన్నప్పుడు తమ వాడకు కూనపులివాళ్లు వచ్చి మూడు రాత్రులు చెప్పారట. మా అబ్బాయి ఫోను పక్కన పెట్టి విన్నాడు. పై ఫ్లాటులో బెంగాలీ దంపతులు ఉంటారు, వాళ్ల పాప కూడా వచ్చి కూర్చుంది, తెలుగు ఒక్క ముక్క రాదు. రెండేళ్లుగా ఆ పటం మా ఇంట్లోనే ఉంది. అంతవరకు ఎవరూ దాని కథ అడగలేదు.

ఖర్చు ఎంతయిందని అడుగుతారు. మొదట పెట్టినదాంట్లో ఆరో వంతు కూడా కాలేదు. అదీ టైల్స్ పగలగొట్టినందుకే ఎక్కువ అయింది.

ఇవాళ అమ్మను తీసుకొద్దామనుకున్నాను, అంతసేపు కారులో కూర్చోలేనంది. "బడి వరండా అట్లనే ఉన్నదా, బండలు తీసి గా మెరిసేటియి వేసిండ్రా చూసి రా" అని చెప్పి పంపింది. పొద్దున్నే వచ్చి చూశాను. బండలు అలాగే ఉన్నాయి. హెడ్మాస్టరు గారు వేదిక మీదే ఉన్నారు, స్వర్ణోత్సవ నిధితో వరండాకు కొత్త టైల్స్ వేయిద్దామన్న ఆలోచన ఉందని కమిటీ కాగితంలో చదివాను. ఆ డబ్బుతో డ్రాయింగు గదికి కప్పు వేయించమని నా విన్నపం. ఆ స్లాబుకు డిజైన్, దగ్గరుండి పోయించడం నాది, రూపాయి తీసుకోను.

మీలో ఎవరైనా ఫ్లాటు కొని, ఇంటీరియర్స్ వాళ్లకు అడ్వాన్సు ఇవ్వబోయే ముందు నాకు ఫోన్ చేయండి. నంబరు సంఘం దగ్గర ఉంది. వస్తాను. వచ్చి ముందు మీ హాల్లో నేల మీద కూర్చుంటాను, చాప ఉంటే చాలు.